కోర్సు ఫీజు అంటారు, మీ పేరున లోన్ ఎత్తుతారు: తిరుపతి పిల్లలు జాగ్రత్త

డిగ్రీనో ఎంబీఏనో ముగించి వేరే లైనుకు మారదామని తిరుపతిలో కోర్సుల కోసం తిరుగుతా ఉండే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది పూర్తిగా చదవండి. 85,000 రూపాయలు కట్టి నేను చేతులు కాల్చుకున్నాను. ఆ డబ్బు నాతో ఎట్లా కట్టించినారో మీకు తెలియాలనే రాస్తా ఉన్నాను.

నాది ఎంబీఏ ఫైనాన్స్, 2024లో అయిపోయింది. ఊరు బంగారుపాళ్యం పక్క. ఏడాది పాటు ఒక ఆడిటర్ ఆఫీసులో ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు కొట్టినాను. 11వ తేదీకి జీఎస్టీఆర్-1, 20వ తేదీకి 3బీ అని జీఎస్టీ రిటర్నులు వేయడం, మళ్లీ నెల మొదలు. జీతం 12,000. లెక్కలంటే ఇష్టమే గానీ, ఆ అంకెలు ఏం చెప్తా ఉన్నాయో చూసే పని చేయాలనిపించి డేటా అనలిటిక్స్ వైపు మళ్లినాను. ఆ కోరిక తప్పని ఇప్పటికీ అనుకోను.

2025 జులైలో బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉండే ఒక శిక్షణ సంస్థకు పోయినాను. నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అని గోడంతా బోర్డు. కౌన్సెలర్ మేడమ్ నా మార్కుల జాబితా చూసి, "ఫైనాన్స్ వాళ్లకైతే కంపెనీలు ఎగబడతాయమ్మా, రెండు సీట్లే ఉన్నాయి, ఆఫర్ సాయంత్రం దాకే" అనింది. ఫీజు 85,000 అంటే, అంత డబ్బు లేదన్నాను. నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని కంతులు, నెలకు 8,500 చొప్పున పది నెలలు కడితే చాలన్నారు. ట్యాబ్ నా ముందు పెట్టి పాన్, ఆధార్ నంబర్లు కొట్టించి, మూడు ఓటీపీలు అడిగినారు. పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ పది నిమిషాల్లో నేను చేసింది ఫీజు కట్టడం కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు తీసుకోవడం. ఆ కంపెనీ డబ్బంతా ముందే సంస్థకు ఇచ్చేసింది. నెలనెలా నా ఖాతాలో నుంచి కోసుకునే అనుమతి కూడా ఆ ఓటీపీల్లోనే పోయింది. ఇక సంస్థకు నాకు పాఠం చెప్పాల్సిన అవసరం ఏముంది? వాళ్ల డబ్బు వాళ్లకు చేరిపోయింది. మెయిల్‌కు వచ్చిన ఒప్పందంలో కోర్సు బాగోగులకు అప్పిచ్చినోళ్లకు సంబంధం లేదని స్పష్టంగా ఉంది. నేను దాన్ని చదివింది నాలుగు నెలల తర్వాత.

క్లాసుల గురించి ఎక్కువ చెప్పను. ఎక్సెల్ మూడు వారాలు బాగానే చెప్పినారు. డేటాబేస్‌లో నుంచి లెక్కలు తీసే ఎస్‌క్యూఎల్‌కు వచ్చేసరికి సార్ మారినాడు, అంకెల్ని బొమ్మలుగా చూపించే పవర్ బీఐకి రికార్డు చేసిన వీడియోలే.

గ్యారంటీ సంగతి డిసెంబరులో తెలిసింది. వాళ్లు చూపించిన ఉద్యోగం చెన్నైలో ఫోన్లు చేసి పర్సనల్ లోన్లు అమ్మేది, జీతం 14,000. వద్దంటే గ్యారంటీ రద్దు అవుతుందని ఫారంలో చిన్న అక్షరాల్లో ఉంది. ఇంకో 30,000 ఇస్తే రెండేళ్ల అనుభవం ఉన్నట్టు లెటర్ చేయిస్తామన్నారు. దీనికి మాత్రం చచ్చినా ఒప్పుకోవద్దు. మీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) కింద పీఎఫ్ ఎవరు కట్టినారో, ఆదాయపు పన్ను రికార్డులో మీ జీతం మీద టీడీఎస్ (ముందే కోసే పన్ను) ఎవరు కోసినారో కంపెనీలు అడిగి చూస్తాయి. దొంగ అనుభవం అక్కడ దొరికిపోతుంది.

"కట్టడం ఆపేయి, వాళ్లే దిగొస్తారు" అని బ్యాచ్‌లో చాలామంది అన్నారు. ఇద్దరు ఆపినారు కూడా. ఫైనాన్స్ చదివినోళ్లు ఇక్కడ బాగా ఆలోచించాలి. కంతు తప్పితే సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థలో) పడేది మీ పేరే, సంస్థ పేరు కాదు. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్లు చూడండి: బ్యాంకులో చేరే నాటికి అభ్యర్థి క్రెడిట్ చరిత్ర బాగుండాలని ఉంటుంది, ఎంత స్కోరు కావాలో ఆయా బ్యాంకు నిర్ణయిస్తుంది. కొత్త దారి కుదరకపోతే బ్యాంకు పరీక్షలు ఉన్నాయిలే అనుకుంటాం కదా, ఆ వాకిలి కూడా ఈ కంతుల వల్లే మూసుకుపోవచ్చు. అందుకే ఏడుస్తానే కట్టినాను. ఆ ఏడాది మా తోతాపురి మామిడికాయకు ధర లేక, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు ఇస్తే గానీ గట్టెక్కని పరిస్థితి. రెండు కంతులు మా నాయన ఆ కాయ డబ్బులో నుంచే ఇచ్చినాడు. అది తల్చుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

ఇప్పుడే సంతకం పెట్టినోళ్లుంటే ఒక మాట. ఇట్లా ఆన్‌లైన్‌లో ఇచ్చే అప్పుల నుంచి బయటపడేందుకు ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం కొంత గడువు ఉంటుంది, కనీసం ఒక రోజైనా ఇవ్వాలి. ఆ లోపల అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా రద్దవుతుంది, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కోసుకోవచ్చు. గడువు ఎన్ని రోజులో అప్పుతో పాటు ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (అప్పు షరతులన్నీ ఒకచోట రాసిన కాగితంలో) ఉంటుంది. ఆ కాగితం ఆ రాత్రే చదవండి.

గడువు దాటినోళ్లు 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఉద్యోగం గ్యారంటీ అని ఆశపెట్టే కోచింగ్ ప్రకటనలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలిచ్చి నిషేధించింది, కాబట్టి ఆ బోర్డు ఫొటో తీసి పెట్టుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయడానికి రెండేళ్ల గడువు, కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. సంస్థ తిరుపతిలో ఉన్నా, చిత్తూరులో ఉండేవాళ్లు చిత్తూరులోనే వేయొచ్చు. నేను 1915లో ఫిర్యాదు చేసినాక సంస్థ వాళ్లే పిలిచి 15,000 వెనక్కిచ్చినారు. ఇంక ఫిర్యాదు లేదని రాసిమ్మన్నారు, నేను రాసియ్యలేదు.

ఎస్‌క్యూఎల్‌ను తర్వాత నేనే స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల్లో నేర్చుకున్నాను. వినడానికి పైసా ఖర్చు లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. నేను పోకముందు ఈ మాట ఎవరూ చెప్పలేదు.

అదే బ్యాచ్ వాళ్లు, అట్లాంటి ఒప్పందమే చేసుకున్నోళ్లు కామెంట్‌లో చెప్పండి. రసీదులు, మెయిళ్లు తీసుకొస్తే కమిషన్‌కు ఫిర్యాదు రాయడానికి మీతో కూచుంటాను. ఆదివారాలు నాకు ఖాళీ.