పసిబిడ్డ గదికి రంగులు మారే బెడ్ ల్యాంప్

కోఠిలోని గుజరాతీ గల్లీలో మనవరాలి గది కోసం కొన్న ఈ దీపాన్ని తెలుపు, నీలం, ఎరుపు రంగుల్లో వెలిగించుకోవచ్చు. ఎరుపులో, అతి తక్కువ వెలుగులో వాడుకుంటే ఇది మంచి వస్తువే. మెదడులో సుమారు 20,000 నాడీకణాలతో ఏర్పడి, నిద్ర, మెలకువల వేళలను నడిపే గడియారం, అంటే సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్, పుట్టేనాటికే ఉన్నప్పటికీ, శిశువు నిద్రలో రాత్రికీ పగటికీ తేడా స్పష్టంగా కనిపించడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఆ గడియారానికి వెలుగు సమాచారాన్ని ప్రధానంగా చేరవేసేవి కంటి లోపలి పొర రెటీనాలో, మెలనాప్సిన్ అనే కాంతిని పసిగట్టే ప్రోటీన్ ఉన్న కణాలు. 480 నానోమీటర్ల దరిదాపుల్లోని నీలి కాంతికి ఇవి ఎక్కువగా స్పందిస్తాయి; అంటే రాత్రిపూట నీలి వెలుగు ఆ గడియారానికి పగలన్న సంకేతమే ఇస్తుంది. ఎలుక పిల్లల్లోనైతే కళ్లు తెరవకముందే, చూపునిచ్చే రాడ్లు, కోన్లు పని మొదలుపెట్టకముందే ఇవి వెలుగును పసిగడతాయి.

ఇది తెలిసినవారికి, పెట్టె మీద నీలి వెలుగును గాఢనిద్రకు సిఫారసు చేయడం విడ్డూరంగానే తోస్తుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ తెల్లని కాంతితోనే వెలగడం అసలు లోపం. అర్ధరాత్రి పాలు పట్టే తల్లి ఎరుపుకు మార్చే బటన్ కోసం తడుముకోవాలి. వైరు పొడవు, ప్లాస్టిక్ నాణ్యత పరవాలేదు. చివరిగా వాడిన రంగును గుర్తుంచుకునే మోడల్ దొరికితే, ధర కాస్త ఎక్కువైనా దానినే కొనమంటాను.