సంతకం పెట్టేముందు తెరవాల్సిన పుస్తకం: రిఫరెన్సులున్న పాత అనువాదం బైబిల్

తోడల్లుడు చిట్టీ పాడుకున్నాడు. డబ్బు చేతికి రావాలంటే ఇద్దరు జామీను ఉండాలి. సాయంత్రం ఫారం పట్టుకుని ఇంటికొస్తానన్నాడు. గాజువాకైనా మధురవాడైనా, విశాఖలో ఇలాంటి సాయంత్రం ఎరగని ఇల్లు తక్కువ. ఆ గంటలో వాక్యం ఏం చెబుతుందో చూద్దామనుకునే విశ్వాసి చేతిలో ఏ బైబిల్ ఉంటే మంచిది, దాన్ని ఎలా వాడాలి అన్నదే ఈ సమీక్ష.

చూస్తున్నది బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా వారి పాత అనువాదం, అంటే మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న 'పరిశుద్ధ గ్రంథము', సమాంతర వచనాల రిఫరెన్సులు ఉన్న ప్రతి. పక్కన పెట్టి పోల్చింది ఫోన్‌లో ఉచితంగా దొరికే బైబిల్ యాప్. మా తీర్పు ముందే చెబుతున్నాం: నిర్ణయాల కోసం చదివేవారు అచ్చు పుస్తకమే కొనాలి, అదీ రిఫరెన్సులు ఉన్నదే. ఫోన్‌ను రెండో అనువాదం చూసుకోవడానికి ఉంచుకోండి.

ఎందుకో ఒక్క మాటతో చూపించవచ్చు. ఆ మాట 'పూటపడు'. జామీను ఉండటం అని అర్థం. సామెతలు 11:15 ఇలా ఉంటుంది: "ఎదుటివానికొరకు పూటబడినవాడు చెడిపోవును, పూటబడ నొప్పనివాడు నిర్భయముగా నుండును." ఇక్కడే ఆగిపోతే సంగతి తేలిపోయినట్టే, సంతకం పెట్టకూడదు. కానీ రిఫరెన్సుల వెంట నడిస్తే 6వ అధ్యాయం మొదటి ఐదు వచనాలు వస్తాయి. అప్పటికే చేతిలో చేయి వేసినవాడికి అక్కడ సలహా ఉంది: నిద్రపోకుండా వెళ్లి, విడిపించమని ఆ స్నేహితుణ్ణే బతిమాలుకో, వేటగాడి చేతిలోంచి లేడి తప్పించుకున్నట్టు తప్పించుకో. 22:26, 27 ఇంకా సూటిగా అడుగుతుంది: చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింది పరుపు లాక్కుపోయే గతి ఎందుకు తెచ్చుకుంటావు?

ఇక్కడితోనూ అయిపోదు. ఆదికాండము 43:9లో యూదా తన తమ్ముడు బెన్యామీను కోసం తండ్రి ముందు పూటపడతాడు. బైబిల్ అతణ్ణి తప్పుపట్టదు. తర్వాతి అధ్యాయంలో ఆ మాట నిలబెట్టుకోవడానికి తమ్ముడికి బదులు తానే బానిసగా ఉండిపోతానంటాడు. ఫిలేమోను పత్రిక 18, 19 వచనాల్లో పౌలు, ఫిలేమోను దాసుడైన ఒనేసిము అప్పు తన లెక్కలో వేసుకోమని స్వహస్తంతో రాస్తాడు. హెబ్రీయులకు 7:22 యేసునే శ్రేష్ఠమైన నిబంధనకు 'పూటకాపు' అంటుంది. సామెతల్లోని పూట, ఆదికాండములోని పూట, హెబ్రీ పత్రికలోని పూట ఒకే మాటగా కళ్లముందు నిలబడటం పాత అనువాదం ఇచ్చే లాభం. కొత్త అనువాదాల్లో హామీ, పూచీ లాంటి మాటలు వచ్చాయి. అర్థం తేలికే, కానీ ఈ దారం చేతికి అంత సులువుగా చిక్కదు. ఇవన్నీ కలిపి చదివితే తేలేదేమిటంటే, పూటపడటం పాపం కాదు. చెల్లించాల్సి వస్తే నువ్వే చెల్లించడానికి సిద్ధపడి చేసే పని అది. చెల్లించలేనివాడు సంతకం చేస్తేనే అది మూఢత.

మన చట్టం చెప్పేదీ దాదాపు అదే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే జామీనుదారు బాధ్యత అసలు అప్పుదారు బాధ్యతతో సమానం. కాబట్టి నెలకు 12,500 చొప్పున 40 నెలల 5 లక్షల చిట్టీని ఎనిమిదో నెలలో పాడుకున్నవాడికి సంతకం పెట్టడమంటే, మిగిలిన 32 నెలలకు 4 లక్షల దాకా (డివిడెండు పోగా కొంత తగ్గవచ్చు) మీ నెత్తిన పెట్టుకోవడం. 22:27 అడిగే ప్రశ్నను ఈ అంకెతో అడగండి. ఆ 12,500 మీ జీతంలోంచి 32 నెలలు కట్టగలరా? కట్టలేకపోతే సామెతలు 3:27, 28 ఇంకో దారి చూపిస్తుంది. చేతనైన మేలు చేయకుండా వెనుకతీయవద్దు, దగ్గర ఉంచుకుని రేపు రమ్మనవద్దు అంటుంది. నాలుగు లక్షలకు సంతకం పెట్టలేని మనిషి ఇరవై వేలు తిరిగి అడగకుండా చేతిలో పెట్టవచ్చు. బంధుత్వమూ నిలుస్తుంది.

యాప్‌లో ఇదే పని చేయబోతే వెతుకులాట దగ్గరే చిక్కు వస్తుంది. పాత అనువాదంలో సంధి వల్ల ఒకచోట 'పూటపడి', ఒకచోట 'పూటబడి', ఇంకోచోట 'పూటకాపాయెను' అని ఉంటుంది. అక్షరం మారితే వచనం జారిపోతుంది. 'పూట' అని మాత్రమే కొడితే వేరే అర్థంలో వచ్చేవీ కలిసిపోయే ప్రమాదం ఉంది. పైగా యాప్ తెరవగానే ఎదురయ్యేది రోజుకో వచనం, అందమైన బొమ్మ మీద. అది ప్రోత్సాహానికి మంచిదే. నిర్ణయానికి మాత్రం ముందూ వెనకా కనిపించే పేజీ కావాలి. యాప్ బాగా పనికొచ్చేది పోల్చి చూడటానికి. పాత అనువాదం పక్కనే ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ గానీ, తెలుగు సమకాలీన అనువాదం గానీ పెట్టుకుంటే గ్రాంథికం అడ్డు తొలగిపోతుంది.

ఆ అడ్డు చిన్నది కాదు, ఒప్పుకోవాలి. తగులుబడి, వ్యాజ్యెము, కొదువ, అపహాసకుడు, గద్దింపు లాంటి మాటలు ఇంగ్లీషు మీడియం పిల్లలకు అసలు తెలియవు, పెద్దల్లోనూ చాలామంది ఊహించుకుని దాటేస్తారు. ఊహ తప్పితే అన్వయం తప్పుతుంది. పదాలకు అర్థాల పట్టిక వెనక ఉన్న ప్రతి దొరికితే అదే తీసుకోండి. లేకపోతే నోటుబుక్కు చివర మీరే రాసుకుంటూ పోండి. సామెతలు, ప్రసంగి, యాకోబు పత్రికకు నలభై యాభై మాటలతో సరిపోతుంది.

ఇక వాడే పద్ధతి. 200 పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటి, పెన్సిల్ ఒకటి, అరగంట సమయం. ఒక్కో నిర్ణయానికి ఎదురెదురు పేజీలు రెండు. బైబిల్ తెరవకముందే ఎడమ పేజీలో నాలుగు రాయాలి: ప్రశ్న ఒకే వాక్యంలో, అందులో ఉన్న డబ్బు, ఎప్పటిలోగా తేల్చాలి, నాకు ఏం జరగాలని ఉంది. నాలుగోది ఎవరూ రాయరు. అది రాయకపోతే మనసు తనకు నచ్చిన వచనం కోసమే పేజీలు తిప్పుతుంది, దొరకగానే ప్రభువు మాట్లాడాడు అంటుంది. తర్వాత యాకోబు 1:5 చదివి, జ్ఞానం కోసం అడిగి, కుడి పేజీ మొదలుపెట్టండి.

కుడి పేజీలో కనీసం ఐదు వచనాలు రావాలి, వాటిలో ఒకటైనా మీ ఇష్టానికి ఎదురు నిలిచేది కావాలి. ఒక్కోదాన్ని మీరు ఇంట్లో మాట్లాడే తెలుగులో తిరగరాసి, పక్కన ఒక గుర్తు పెట్టండి: ఆజ్ఞ అయితే 'ఆ', వాగ్దానం అయితే 'వా', లోకం తీరు చెప్పే పరిశీలన అయితే 'ప', కథలో జరిగిన సంగతి అయితే 'క'. ఉదాహరణకు సామెతలు 20:14, "కొనువాడు జబ్బుది జబ్బుది అనును, అవతలకు వెళ్లి దాని మెచ్చుకొనును." పూర్ణా మార్కెట్‌లో రోజూ కనిపించేదే. అది 'ప'. బేరం అలా ఆడమని దేవుడు చెప్పలేదు, మనుషులు అలా ఆడతారని చెప్పాడు. యూదా పూటపడటం 'క'. 3:27 'ఆ'. ఈ గుర్తులు పెట్టడం మొదలుపెట్టాక, గతంలో వాగ్దానాలనుకుని పట్టుకున్నవాటిలో ఎన్ని 'ప' అని తేలతాయో చూసి ఆశ్చర్యపోతారు. 22:6 ఒకటి. బాలుణ్ణి నడవవలసిన త్రోవలో నడిపితే పెద్దయ్యాక తొలగిపోడు అన్నది సాధారణంగా జరిగేది. దాన్ని గ్యారంటీగా చదివి, దారి తప్పిన కొడుకున్న తల్లిని నిందించేవారు ఆమెకు అన్యాయం చేస్తున్నారు.

తేదీకి ఒక అధ్యాయం చొప్పున నెలకోసారి సామెతలు ముగించే అలవాటు చాలా సంఘాల్లో ఉంది. 31 అధ్యాయాలు, 915 వచనాలు, పరిచయానికి చక్కటి పద్ధతి. నిర్ణయం ముందున్నప్పుడు మాత్రం అది చాలదు. 1 నుంచి 9 వరకు తండ్రి కొడుక్కి చేసే పొడవైన బోధలు, అక్కడ చుట్టూ చదివితే సందర్భం దొరుకుతుంది. 10:1 నుంచి 22:16 వరకు ఏ సామెతకు ఆ సామెత విడిగా నిలబడుతుంది. అక్కడ ఒక సామెతకు సందర్భం అంటే అదే విషయం మీద ఉన్న మిగతా సామెతలే. 26:4, 5 ఇందుకు మంచి పాఠం: మూర్ఖునికి జవాబియ్యవద్దని ఒక వచనం, ఇమ్మని వెంటనే ఇంకోటి. ఏది ఎప్పుడు అని తేల్చుకోవడమే జ్ఞానం. వాట్సాప్ గ్రూపులో గొడవకు దిగేముందు ఈ రెండూ చదవాలి.

ఎక్కువ మంది పొరబడేది యోబు దగ్గర. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" (8:7) అన్న మాట దుకాణాల గోడల మీద, వాగ్దాన కార్డుల మీద కనిపిస్తుంది. దాన్ని పట్టుకుని అప్పు చేసి వ్యాపారం పెట్టేవారున్నారు. ఆ మాట అన్నది యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. పుస్తకం చివర 42:7లో దేవుడు అతనూ అతని స్నేహితులూ తన గురించి యుక్తమైనది పలకలేదని కోపిస్తాడు. ఆశీర్వాదంగా ఇంట్లో పెట్టుకునేవారి భక్తిని మేం తక్కువ చేయడం లేదు. పెట్టుబడికి మాత్రం దాన్ని పూచీగా పెట్టకండి. యిర్మీయా 29:11 కూడా అంతే. సమాధానకరమైన ఉద్దేశాల గురించి చెప్పిన ఆ మాట బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోది. ముందు వచనం డెబ్బై ఏళ్లు పడుతుందంటుంది, 5వ వచనం అప్పటిదాకా ఇళ్లు కట్టుకుని తోటలు నాటుకోమంటుంది. వచ్చే నెల ఇంటర్వ్యూ గురించి అక్కడ ఏమీ లేదు.

ఫ్లాట్ కొనేవారికి లూకా 14:28 చాలు: గోపురం కట్టేవాడు ముందు కూర్చుని 'తగులుబడి', అంటే అయ్యే ఖర్చు, లెక్క చూసుకోడా? కొమ్మాదిలో బుకింగ్ ఇచ్చేముందు ఎడమ పేజీలో ఆ లెక్క ఉండాలి. 40 లక్షలు, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు 34,700, మొత్తం కట్టేది 83 లక్షల పైమాటే. రిజిస్ట్రేషన్, మెయింటెనెన్స్ వేరు. తర్వాత సామెతలు 15:22 ప్రకారం కనీసం ఇద్దరి సలహా. ఆ ఇద్దరిలో ఆ అమ్మకం వల్ల లాభపడేవాడు ఉండకూడదు. 18:17 ప్రకారం బిల్డరు చెప్పింది విన్నాక, అదే బిల్డరు కట్టిన పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నవారి మాటా వినాలి.

కతోలికులు తమ 73 పుస్తకాల బైబిల్లో ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. సీరా జ్ఞానగ్రంథం 29వ అధ్యాయం జామీను మంచినీ చెడునూ పక్కపక్కనే పెట్టి మాట్లాడుతుంది. పాత అనువాదంలో ఆ పుస్తకం లేదు.

ఇంకొక్క మాట. తెలుగు బైబిల్‌కూ ఈ ఊరికీ బంధం పాతది. లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ సాయంతో అనువాదానికి పూనుకున్నారు. 1810 నాటికి ఇద్దరూ కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. నేటి పాత అనువాదం ఆ తర్వాత ఎన్నో చేతులు మారి వచ్చినదే. అందులో జామీను, వ్యాజ్యెము లాంటి కోర్టు కచేరీ మాటలు ఉండబట్టే మన సంతకాలకూ తగాదాలకూ అది ఇంత దగ్గరగా మాట్లాడుతుందని మాకనిపిస్తుంది.

కొనేటప్పుడు సామెతలు 22 తీసి, దుకాణం వెలుతురులో కళ్లద్దాలతో చదివి చూడండి. వత్తులు అలికినట్టుంటే వేరే ప్రతి అడగండి. ఆదికాండము 1 దగ్గర తెరిచి బల్ల మీద పెడితే దానంతటది మూసుకుపోకూడదు. జిగురు బైండింగ్ అయితే మూసుకుపోతుంది, రెండేళ్లలో పేజీలు ఊడతాయి. కుట్టు బైండింగే మేలు. పలచటి కాగితం కాబట్టి జెల్ పెన్ను వెనక పేజీకి దిగుతుంది, పెన్సిలే వాడండి. జిప్పు కవరు సముద్రం దగ్గర ఇళ్లకు వద్దు. ఉప్పుగాలికి ఇనుప జిప్పు తుప్పుపట్టి బిగుసుకుంటే, లాగే తొందరలో చినిగేది అట్టే. బీచ్ రోడ్డు వైపు ఉండేవారు వానాకాలంలో పుస్తకాన్ని కిటికీ పక్క బల్ల మీద కాకుండా లోపలి గోడ అరలో, పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచండి. చెమ్మకు కాగితం అలలు తేలకుండా ఉంటుంది.