చెరువు గట్టు మీద నాలుగేళ్లుగా కరెంటుకు కాపలా ఉన్న రౌటర్

ఆకివీడు దగ్గర మాకు మూడు వనామీ రొయ్యల చెరువులున్నాయి. ఇల్లు భీమవరంలో. అర్ధరాత్రి కబురు తెలిసినా నేను గట్టు మీదికి చేరేసరికి ముప్పావుగంట పడుతుంది. రొయ్యల సాగు తెలిసినవాళ్లకు ఆ ముప్పావుగంట అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయ్యాక అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు డీఓ, అంటే నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్, బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలంటే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లే దిక్కు. పిల్ల ఒత్తుగా వదిలిన చెరువులో అవి ఆగితే రొయ్య పైకి తేలడానికి ఎంతోసేపు పట్టదు.

2020 వేసవిలో ఒక రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మూడు ఫేజుల్లో ఒక్క ఫేజు పోయింది. ప్యానెల్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ దాని పని అది చేసి మోటార్లు కాలిపోకుండా ఆపేసింది. షెడ్డులో బల్బు మాత్రం వేరే ఫేజు మీద వెలుగుతూనే ఉంది. కాపలా ఉండే బాబాయి కునుకులో ఉన్నాడు, మధ్యలో కళ్లు తెరిచినా లైటు కనిపించింది కాబట్టి కరెంటు ఉందనే అనుకున్నాడు. ఐదింటికి ఫోను. "అబ్బాయిగారూ, రెండో చెరువు తేలిపోయిందండి." ఆయన గొంతు ఇప్పటికీ గుర్తుంది. తప్పు ఆయనది కాదు. ఒక మనిషి కంటి మీదే మూడు చెరువుల్ని వదిలేసిన ఏర్పాటుది.

కరెంటు పోతే నా ఫోనుకు మెసేజి పంపడానికని ఆ మరుసటి ఏడాది మైక్రోటిక్ హెక్స్ రౌటర్ కొన్నాను. మోడల్ ఆర్‌బీ750జీఆర్3, లాత్వియా కంపెనీ తయారీ. అప్పట్లో ఐదు వేల చిల్లర పడింది. దీనికి వైఫై లేదు, చూడటానికి చిన్న తెల్ల డబ్బా. కానీ నాకు కావాల్సిన మూడు గుణాలు ఇందులో ఉన్నాయి. 8 నుంచి 30 వోల్టుల డీసీ ఎంత ఇచ్చినా నడుస్తుంది. కరెంటు తీసుకోవడానికి రెండు దారులున్నాయి: అడాప్టర్ పిన్ను ఒకటి, మొదటి ఈథర్నెట్ పోర్టు ద్వారా పీఓఈ, అంటే నెట్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు, ఇంకొకటి. తనకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో తానే కొలిచి చెబుతుంది.

ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదట అడిగేది ఒకటే: "కరెంటు పోతే రౌటర్ కూడా ఆగిపోతుంది కదా, మెసేజి ఎవరు పంపుతారు?" సరైన ప్రశ్న. మన ఇళ్లలోని ఫైబర్ మోడెమ్‌లలో డయింగ్ గ్యాస్ప్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోయిన క్షణంలో లోపలి కెపాసిటర్లలో మిగిలిన కాస్త శక్తితో "నేను ఆగిపోతున్నాను" అని ఒక సంకేతం పంపి ఆరిపోతుంది. కానీ ఆ కబురు నెట్ ఇచ్చేవాళ్లకే చేరుతుంది, మనకు రాదు. మనకు కావాలంటే బ్యాటరీ మీద బతికుండే రౌటర్ ఒకటి ఉండాలి.

నేను చేసింది ఇది. రౌటర్‌తో వచ్చిన 24 వోల్టుల అడాప్టర్‌ను లైను కరెంటుకు పెట్టాను. 12 వోల్టుల బ్యాటరీని చిన్న పీఓఈ ఇంజెక్టర్ ద్వారా మొదటి పోర్టుకు ఇచ్చాను. రెండింటిలో ఎక్కువ వోల్టేజీ ఉన్న దారి నుంచే రౌటర్ కరెంటు తీసుకుంటుంది. లైను ఉన్నంతసేపు హెల్త్ పేజీలో 24 దగ్గర కనిపిస్తుంది, పోగానే 12కు దిగుతుంది. షెడ్యూలర్‌లో నిమిషానికోసారి నడిచే చిన్న స్క్రిప్టు 15 కంటే తక్కువ చూస్తే "లైను పోయింది" అని పంపుతుంది. రౌటర్ ఒక్క సెకను కూడా ఆగదు. ఈ భాగం పెట్టిన రోజు నుంచి ఇప్పటివరకు నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

అసలు కష్టం రెండో భాగంలో వచ్చింది. లైను ఉందా లేదా అన్నది కాదు నాకు కావాల్సింది. ఏరియేటర్లకు కరెంటు అందుతోందా లేదా అన్నది. దీనికోసం ఇంట్లో మూలపడ్డ పాత వైఫై రౌటర్లు వాడాను. వాటికి బ్యాటరీ ఉండదు. వాటిని నేరుగా కరెంటుకు పెట్టి, హెక్స్‌లోని నెట్‌వాచ్ అనే సదుపాయం చేత పది సెకన్లకోసారి పింగ్ చేయించాను, అంటే "ఉన్నావా" అని పలకరించడం. పలకడం మానేస్తే ఆ చోట కరెంటు లేనట్టు. ఒక్క ఫేజు పోయిన రాత్రి గుర్తుంది కాబట్టి మూడు ఫేజులకు మూడు పాత రౌటర్లు పెట్టి, ఇక భయం లేదనుకున్నాను.

పరీక్ష చేద్దామని ప్రివెంటర్‌ను కాసేపు తప్పించి, ఏరియేటర్లు తిరుగుతుండగా ఎలక్ట్రీషియన్ చేత ఒక ఫేజు ఫ్యూజు తీయించాను. ఆ ఫేజు మీది రౌటర్ ఆరలేదు. ఇద్దరం తెల్లబోయాం. మీటరు పెట్టి చూస్తే తీసేసిన ఫేజులో కూడా వోల్టేజీ ఉంది. కారణం తర్వాత అర్థమైంది. తిరుగుతున్న త్రీఫేజ్ మోటార్లు మిగిలిన రెండు ఫేజుల మీద నడుస్తూనే పోయిన ఫేజులోకి వోల్టేజీని తిరగ్గొడతాయి. ఈ అడాప్టర్లు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఏదిచ్చినా పనిచేస్తాయి కాబట్టి వాటికి తేడా తెలియదు. లో వోల్టేజీలోనూ ఇదే కథ. మోటారు లేవలేక మూలుగుతుంటుంది, అడాప్టర్ మాత్రం హాయిగా వెలుగుతుంది.

అందుకే మూడింటినీ తీసేసి ఒక్కదాన్నే సరైన చోట పెట్టించాను: సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ అదుపులో ఉండి మోటార్లకు కరెంటు కలిపే, తెంచే స్విచ్చయిన కాంటాక్టర్ తర్వాత, ఏరియేటర్లకు వెళ్లే వైరు దగ్గర. కారణం ఏదైనా సరే, కాంటాక్టర్ పడిపోతే ఆ రౌటర్ ఆరిపోతుంది. ఇప్పుడు నాకు రెండు రకాల మెసేజిలు వస్తాయి. "లైను పోయింది" అని మాత్రమే వచ్చి ఆగితే జనరేటర్ అందుకుందని అర్థం, మళ్లీ పడుకుంటాను. "ఏరియేటర్లు ఆగాయి" అని వస్తే లేచి చెప్పులేసుకుంటాను. ఇలాంటిది పెట్టుకోవాలనుకునే రైతులకు నేను గట్టిగా చెప్పేది ఈ చోటు గురించే. ఇల్లయితే ఏ ప్లగ్గయినా ఫర్వాలేదు. చెరువుకు మాత్రం కాంటాక్టర్ తర్వాతే. ఈ వైరింగ్ సొంతంగా చేయకండి, ప్యానెల్ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

సాఫ్ట్‌వేర్ సంగతికొస్తే, హెక్స్‌లో నడిచే రౌటర్ఓఎస్ నేర్చుకోవడం తేలిక కాదు. మామూలు వైఫై రౌటర్ పేజీలాగా ఉండదు. దాని సెట్టింగ్‌లు మార్చే విన్‌బాక్స్ ప్రోగ్రాం తెరిస్తే ఎడమవైపు చాంతాడంత మెనూ. నాకు రెండు వారాలు పట్టింది. టెలిగ్రామ్ బాట్ తయారు చేసుకోవడం, దాని టోకెన్‌తో ఫెచ్ అనే కమాండ్ ద్వారా మెసేజి పంపడం సులువే. కానీ టెర్మినల్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టు నెట్‌వాచ్ నుంచి మాత్రం నడిచేది కాదు, లాగ్‌లో పర్మిషన్ లేదని వచ్చేది. నెట్‌వాచ్‌కు కొన్ని అనుమతులే ఉంటాయి. స్క్రిప్టు సెట్టింగ్‌లో "పర్మిషన్లు అడగవద్దు" అన్న గడిలో టిక్కు పెట్టాక సమస్య తీరింది. ఈ ఒక్క టిక్కు కోసం మూడు రాత్రులు కూర్చున్నాను.

మొదటి వర్షాకాలంలో ఇంకో పాఠం. గాలివానకు కరెంటు వచ్చిపోతూ ఉంటే ఒక్క రాత్రిలో నలభైకి పైగా మెసేజిలు. తెల్లారేసరికి నేను చూడటం మానేశాను. అది ప్రమాదమని నాకే భయం వేసింది. అప్పటి నుంచి స్క్రిప్టు 60 సెకన్లు ఆగి, మళ్లీ చూసి, ఇంకా కరెంటు లేకపోతేనే పంపుతుంది. నిమిషం ఆలస్యానికి రొయ్యకు ఏమీ కాదు. మెసేజి అంటే లేవాల్సిందే అన్న నమ్మకం నిలబడటం ముఖ్యం.

టెలిగ్రామ్ ఒక్కటే చాలదు. బాబాయిది బటన్ ఫోను. పైగా మా వైపు కరెంటు పోతే కాసేపటికే ఫైబర్ నెట్ కూడా పోతుంది, మన మోడెమ్‌కు బ్యాటరీ ఉన్నా దారిలో వాళ్ల పరికరాలకు ఉండాలి కదా. అందుకని హెక్స్ యూఎస్‌బీకి 4జీ డాంగిల్ పెట్టి ఎస్ఎంఎస్ కూడా పంపిస్తున్నాను. మొదట కొన్న డాంగిల్ రౌటర్‌కు నెట్‌వర్క్ కార్డులా కనిపించే రకం. నెట్ ఇచ్చేది కానీ రౌటర్ దాని ద్వారా ఎస్ఎంఎస్ పంపలేకపోయేది. సీరియల్ పోర్టుతో మోడెమ్‌లా కనిపించే రకం కావాలని అడిగి తీసుకోండి. ఆ సిమ్‌కు రీచార్జి గడువు తేదీని క్యాలెండర్‌లో రాసుకోవాలి. ఒకసారి మర్చిపోయాను, తొమ్మిది రోజులు ఎస్ఎంఎస్‌లు వెళ్లలేదు. నా ఫోనులో ఆ నంబరును స్టార్ కాంటాక్టుగా పెట్టి, డు నాట్ డిస్టర్బ్‌లో కూడా మోగేలా చేసుకున్నాను.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు నుంచే మాకు కుండపోత. కరెంటు పోయింది, జనరేటర్ అందుకుంది, ఫైబర్ పోయింది, కొన్ని గంటలకు సెల్ టవర్ కూడా మూగబోయింది. గట్టు మీద రౌటర్ బతికే ఉంది కానీ దాని మాట బయటికి వచ్చే దారి లేదు. నన్ను ఆ రాత్రి లేపింది హెల్త్‌చెక్స్ ఐఓ అనే సేవ. 20 చెక్‌ల వరకు ఉచితం. రౌటర్ ఐదు నిమిషాలకోసారి దాని లింకును తడుతుంది. చెప్పిన సమయంలో తట్టకపోతే అదే మనకు కబురు పంపుతుంది. మౌనం కూడా కబురే అయ్యే ఈ ఏర్పాటు లేకపోతే ఆ రాత్రి మెసేజి రాలేదు కాబట్టి అంతా బాగుందని నిద్రపోయేవాణ్ని. డీజిల్ క్యాన్లతో వెళ్లాను. ట్యాంకులో ఇంకో గంటకు సరిపడా ఉంది, అంతే.

లోపాలు చెప్పాలి. మొదట కొన్న లిథియం మినీ యూపీఎస్ రేకుల షెడ్డు వేడికి రెండేళ్లలో నీరసించింది. నాలుగు గంటలని చెప్పినది చివరకు గంట కూడా ఆగలేదు. ఇప్పుడు 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ వాడుతున్నాను. లెక్కకు 84 వాట్ అవర్లు. రౌటర్, ఫైబర్ మోడెమ్, డాంగిల్ కలిపి నాలుగైదు గంటలు లాగుతుంది. ఉప్పుగాలికి అడాప్టర్ పిన్ను పచ్చబడి ఒకసారి కాంటాక్టు పోయింది, మూత ఉన్న డబ్బాలో పెట్టాక మళ్లీ రాలేదు. హెక్స్‌లో ఫ్లాష్ మెమరీ 16 ఎంబీయే. రౌటర్ఓఎస్ ఏడో వెర్షన్‌కు మారేటప్పుడు చోటు చాలక పాత ఫైళ్లు తీసేయాల్సి వచ్చింది. రౌటర్‌కు సొంత గడియారపు బ్యాటరీ లేదు. పూర్తిగా ఆరి వెలిగితే నెట్ అందేవరకు మెసేజిల్లో టైము తప్పుగా పడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఏదో ఒక్క ఏరియేటర్ మోటారు కాలిపోతే ఇది చెప్పలేదు. దానికి ఇప్పటికీ బాబాయి టార్చిలైటే.

ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున మెయిన్ దించి పరీక్షిస్తాను. ఈ నెల దించాక వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. నా ఫోను ఇంకా మోగకముందే గట్టు అవతలి నుంచి బాబాయి కేక వినిపించింది. "వచ్చిందండీ అబ్బాయిగారూ, ఏరియేటర్లు ఆగాయని వచ్చింది!"