పెరిమెనోపాజ్‌కు వీడియో కన్సల్టేషనా, హనుమకొండ ఓపీనా: ఏది మేలు?

పెరిమెనోపాజ్ అంటే ముట్లు పూర్తిగా ఆగిపోయే ముందు వచ్చే దశ. ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. బ్లీడింగ్ తీరు మారితే బస్సెక్కి వెళ్లి చూపించుకోవాలి. ఒంట్లో వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే చిరాకు, నెలసరి కాస్త ముందూ వెనకా కావడం, ఇంతవరకే అయితే మొదటిసారి వీడియోలో మాట్లాడటమే మేలు. కాకపోతే సిద్ధపడి కూర్చోవాలి.

ఈ దశను డాక్టర్లు చాలావరకు మనం చెప్పే మాటలను బట్టే గుర్తిస్తారు. 45 దాటినవాళ్లకు నెలసరి లెక్క తప్పి, ఆవిర్లు మొదలైతే హార్మోన్ పరీక్ష లేకుండానే పెరిమెనోపాజ్ అని చెప్పొచ్చు. ఎఫ్ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఈ వయసులో ఒక వారం పెరుగుతుంది, ఇంకో వారం తగ్గుతుంది. ఒక్క రిపోర్టుతో తేలేదేమీ ఉండదు. అందుకని వీడియోకు ముందే ల్యాబ్‌కు పోయి హార్మోన్ల ప్యాకేజీ చేయించుకోవడం డబ్బు దండగ. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ రిపోర్టులు చేతిలో ఉంటే చాలు. నీరసానికి, గుండె దడకు, చెమటలకు రక్తహీనతో థైరాయిడో కారణం కావచ్చు, అన్నీ వయసు మీదికే నెట్టకూడదు. నలభై నిండకముందే నెలసరి ఆగిపోతే మాత్రం సంగతి వేరు, అప్పుడు పరీక్షలు తప్పవు.

వీడియో అయితే చార్జీలు మిగులుతాయని అంటుంటారు. మన దగ్గర ఆ మాట పెద్దగా చెల్లదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బుల్లేవు. ఏటూరునాగారం నుంచి హనుమకొండ వచ్చినా ఆధార్ చూపిస్తే సరిపోతుంది. పోయేది రోజు. పత్తి ఏరేటప్పుడో, మిర్చి ఏరేటప్పుడో ఆస్పత్రికి వస్తే ఆ రోజు కూలి పోయినట్టే. ప్రైవేటు బడిలో చెప్పే టీచరమ్మకైనా సెలవు జీతంలో కోతే. కాబట్టి బస్సు చార్జీ కాదు, పని దినం లెక్కేసుకోండి.

చాటు మాటకొస్తే రెండింటిలోనూ తిప్పలే. రద్దీగా ఉండే ఓపీలో మన వంతు వచ్చి లోపలికి పోయేసరికి డాక్టరమ్మ ముందు ఇంకో ఇద్దరు నిలబడి ఉంటారు. వాళ్లు వింటుండగా "కలిసినప్పుడు నొప్పిగా ఉంటోంది మేడమ్" అని చెప్పడం ఎవరికైనా కష్టమే. చాలామంది మోకాళ్ల నొప్పులు చెప్పి వచ్చేస్తారు. ఇంట్లో వీడియో అంటే హాల్లో అత్తమ్మ, వంటింట్లో కోడలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే డాక్టర్ మాట బయటికి వినపడదు, మన మాట మాత్రం వినపడుతుంది. ఈ సంగతి మాట్లాడటం మొదలుపెట్టాకే తెలుస్తుంది. పిల్లలు కాలేజీకి, పెద్దాయన పనికి పోయిన సమయానికి అపాయింట్‌మెంట్ తీసుకోండి. కుదరకపోతే అక్క వాళ్లింటికి పోయి మాట్లాడండి. నోట పలకలేని విషయాన్ని కాగితం మీద రాసి, ఫొటో తీసి ముందే పంపితే డాక్టరే ఆ మాట ఎత్తుతారు. ఈ సౌకర్యం ఓపీలో దొరకదు, వీడియోకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

ఇంకొకటి, బుక్ చేసిన నంబరు ఎవరిది? ఆయన ఫోన్ అయితే ఓటీపీ, రిపోర్టు, మందుల చీటీ అన్నీ ఆయనకే పోతాయి. అందులో తప్పేం లేదు, మీకు ఇష్టమైతే. లేదంటే మీ నంబరే ఇవ్వండి.

చెప్పాల్సింది ఎక్కడ రాసుకోవాలి, యాప్‌లోనా, నోటుబుక్‌లోనా? గోడ మీది తెలుగు క్యాలెండర్ చాలంటాను. మన అమ్మలు కూడా అక్కడే చుక్క పెట్టుకునేవాళ్లు. నెలసరి మొదలైన రోజు, ఆగిన రోజు, రోజుకు ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడ్డాయా, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఇవన్నీ ఆ గడిలోనే పట్టేస్తాయి. మూడు నెలల పేజీలు పగటి వెలుతురులో ఫొటో తీసి పంపితే డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగం తీరిపోతాయి. యాప్‌లు నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకు బాగుంటాయి. మన వయసులో వచ్చే డేట్ ఇదీ అని అవి చెబుతూనే ఉంటాయి, అది రాదు.

మందుల పట్టీలు తెచ్చి పక్కన పెట్టుకోండి. థైరాయిడ్ గోళీ ఎంత పవర్‌దో, బీపీ గోళీ పేరేంటో చూసి చెప్పాలి. సద్దుల బతుకమ్మకో, మేడారం జాతరకో, ఇంట్లో పెళ్లికో డేట్ జరపడానికి వేసుకున్న గోళీలు ఉంటాయి చూడండి, వాటిని మందులుగా లెక్కపెట్టక చెప్పడం మానేస్తారు. అవి హార్మోన్ గోళీలు, ఆ తర్వాత వచ్చిన బ్లీడింగ్‌కు అవే కారణం కావచ్చు. ఆకు పసర్లు వాడినా చెప్పండి. అమ్మకు ఏ వయసులో ముట్లాగిపోయాయో, ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందో, మీకెప్పుడైనా కాలి రక్తనాళంలో గడ్డకట్టిందో కూడా కావాలి. హార్మోన్ చికిత్స ఇవ్వొచ్చా లేదా అన్నది వీటి మీదే ఆధారపడుతుంది.

బీపీ, బరువు మాత్రం వీడియోలో కనపడవు. ముందురోజే చూపించుకుని రాసి పెట్టుకోవాలి.

ఇక్కడే మూడో దారి గుర్తొస్తుంది. పల్లె దవాఖానకో, పీహెచ్‌సీకో పోతే అక్కడి సిబ్బంది బీపీ చూసి, ఈ-సంజీవని ద్వారా పెద్ద డాక్టర్‌తో వీడియోలో మాట్లాడించే ఏర్పాటు ఉంది. 2020 నుంచి ఇంటి నుంచే ఫోన్లో మాట్లాడే వీలు కూడా వచ్చింది. కేంద్ర ప్రభుత్వానిది, డబ్బులు అడగరు. ప్రతిసారీ అదే డాక్టర్ దొరుకుతారన్న భరోసా లేదు, కథంతా మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సి రావచ్చు. అందుకే క్యాలెండర్ పేజీలు ఇక్కడ ఇంకా ఎక్కువ అక్కరకొస్తాయి. 2023 మార్చిలో రాష్ట్రంలో ఆరోగ్య మహిళ క్లినిక్‌లు పెట్టినప్పుడు అందులో మెనోపాజ్ సేవలు కూడా చేర్చారు. మంగళవారం మంగళవారం చూసేవాళ్లు. మీ దగ్గర ఇప్పుడు ఏ రోజు చూస్తున్నారో ఆశమ్మను అడగండి. ఫోన్ పట్టుకోవడం అలవాటు లేని పెద్దమ్మలకు ఈ దారే అన్నిటికన్నా నయం.

ఇక బస్సెక్కాల్సిన సంగతి. నెలసరి ఏడాదిపాటు ఆగి, మళ్లీ ఒక్క చుక్క కనపడినా వీడియో మాట మరిచిపోండి. కలిసిన తర్వాత బ్లీడింగ్ అయినా, వారం దాటినా ఆగకపోయినా, పెద్ద పెద్ద గడ్డలు పడినా అంతే. లోపల పరీక్ష చేయాలి, స్కానింగ్ తీయాలి, ఒక్కోసారి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. వరంగల్‌లో సీకేఎం, ఎంజీఎం ఆస్పత్రులు, హనుమకొండలో ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఉన్నాయి. గంటకో ప్యాడ్ తడిసి, కళ్లు తిరుగుతుంటే ఓపీ టైమ్ చూసుకోవద్దు, 108కి ఫోన్ చేయండి.

అలా పోయినవాళ్లకు మన దగ్గర ఇంకో చిక్కు ఎదురవుతుంది. "పిల్లలు పుట్టారు కదమ్మా, ఇంకెందుకు, గర్భసంచి తీసేయిద్దాం" అనే మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉంటూ వస్తున్నాయి. కొందరికి ఆపరేషన్ నిజంగానే అవసరం. చాలామందికి మాత్రం ముందు గోళీలతోనో, హార్మోన్ ఉండే లూప్‌తోనో బ్లీడింగ్ అదుపులోకి వస్తుంది. అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, ఆపరేషన్‌తోనే వచ్చి పడుతుంది. వెంటనే తీయాలనేంత ప్రమాదం లేకపోతే స్కానింగ్ రిపోర్టు పట్టుకుని వీడియోలో ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ స్పెషలిస్ట్ కావాలంటే కాజీపేటలో రైలెక్కాల్సిన పని లేదు. రెండో అభిప్రాయానికి వీడియోను మించింది లేదు, ఫీజు ఎంతైనా దండగ కాదు.

డాక్టర్ చూశాక తిరిగి చూపించుకోవడానికి కూడా వీడియోనే నా ఓటు. గోళీలు పడ్డాయా, ఆవిర్లు తగ్గాయా, డోసు మార్చాలా, ఇవన్నీ మాటలతో తేలేవే. మనసు బాగా కుంగితే అది కూడా చెప్పండి. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ 14416 ఉంది. డాక్టర్ "నేరుగా రావాలమ్మా" అంటే మాత్రం వాదించొద్దు. వీడియోలో తేలదనుకుంటే నేరుగా రమ్మనే హక్కు 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల్లోనే డాక్టర్‌కు ఉంది. ఫోన్ పెట్టేసే ముందు చీటీ మీద డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం ఉన్నాయో లేదో చూసుకోండి. మెడికల్ షాపులో వేరే పేరు గోళీలు ఇస్తే ఆ పట్టీ ఫొటో డాక్టర్‌కు పంపి, సరే అన్నాకే వేసుకోండి.