అమ్మ ఫ్యామిలీ పెన్షన్, నాన్న ఆసుపత్రి బిల్లులు: నాలుగేళ్లు తిరిగాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను: పెన్షనరు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఫేస్ యాప్‌కి అయిదుకి నాలుగు, మా బ్యాంకు బ్రాంచికి రెండు, నాన్నని చూసుకోవడానికి అటెండెంట్‌ని పంపిన ఏజెన్సీకి ఒకటి. మా ఇంటి కాగితాలకి మాత్రం సున్నా. ఆ సున్నా ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

నాన్న రైల్వేలో గార్డు. విజయవాడ డివిజన్‌లో చేసి 2005లో రిటైరయ్యారు. (ఆయన పోయిన అయిదు నెలలకే గార్డుల్ని ‘ట్రైన్ మేనేజర్’ అనాలన్నారు. విని ఉంటే ఒక నవ్వు నవ్వి ఊరుకునేవారు.) పక్షవాతం వచ్చి పదకొండు నెలలు మంచంలోనే ఉండి, 2021 ఆగస్టు 18 తెల్లవారుజామున గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పోయారు. అప్పుడు కౌంటర్ దగ్గర ఫారం నింపింది మా బావ. పేరు దగ్గర ఊళ్లో అందరూ పిలిచే పేరు రాశాడు. ఆ సమయంలో ఎవరైనా అదే రాస్తారు, తప్పు పట్టను. కానీ ఆ ఒక్క గడి మాకు మూడు నెలలు తినేసింది.

ఎందుకంటే ఆసుపత్రిలో చనిపోతే నమోదు చేయించాల్సింది ఆసుపత్రి వాళ్లే. 21 రోజుల్లోపు అయిపోవాలి. కాగితంలో ఏ పేరుంటే ఆ పేరే డెత్ సర్టిఫికెట్‌లోకి వస్తుంది. అదీ మనం ఉండే ఊళ్లో కాదు, మనిషి పోయిన ఊళ్లో. మేముండేది తెనాలి, సర్టిఫికెట్ గుంటూరులో. పేరు దిద్దించాలంటే పాత ఎంట్రీని కొట్టేయరు, పక్కన మార్జిన్‌లో సవరణ రాసి సంతకం పెడతారు. దానికి ఆధార్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్ (పీపీఓ), ఇద్దరు సాక్షులు, నాలుగుసార్లు గుంటూరు బస్సు. దిద్దిన సర్టిఫికెట్ చేతికొచ్చాక పది కాపీలు తీసుకున్నాం, తొమ్మిది ఖర్చయ్యాయి.

ఫ్యామిలీ పెన్షన్ సంగతి. అమ్మ పేరు పీపీఓలో ఉంది, నాన్నతో జాయింట్ అకౌంటూ ఉంది. ఇలాంటప్పుడు పెద్ద ఫారాలేవీ అక్కర్లేదు. మామూలు అర్జీ, డెత్ సర్టిఫికెట్, పీపీఓ కాపీ, అమ్మ పుట్టిన తేదీకి రుజువు, ఎక్కువ జమ అయితే తిరిగిస్తామని ఒక హామీ పత్రం చాలు. ఈ మాట మా బ్రాంచిలో ఎవరికీ తెలియదు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. తహశీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తెస్తే, కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి చూసి “ఇదెందుకండీ?” అంది.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నాన్న పోయినట్టు బ్యాంకుకి వెంటనే రాసివ్వలేదు. నాన్న పెన్షన్ ఆయన పోయిన రోజు వరకే, ఆ మర్నాటి నుంచి అమ్మకి ఫ్యామిలీ పెన్షన్. అయినా ఆగస్టు పెన్షన్ పూర్తిగా పడింది, సెప్టెంబరుదీ పడింది. అమ్మ దినాల ఖర్చుకి తీసింది. జనవరిలో అమ్మకి బకాయిలతో కలిపి మొదటిసారి పడినప్పుడు ఆ ఎక్కువ సొమ్మంతా ఒక్కసారే కోసేశారు. న్యాయమే, కానీ ఆ నెల అమ్మ ముఖం చూడలేకపోయాను. ఏటీఎం కార్డు ఇంట్లో ఉంది కదా అని తీయకండి.

ఎంత వస్తుందని అందరూ అడుగుతారు. ఆఖరి జీతంలో 30 శాతం, పైన డీఆర్ (ధరలు పెరిగే కొద్దీ ఇచ్చే భత్యం). నాన్న పెన్షన్ జీతంలో సగం కాబట్టి, ఆయన బేసిక్ పెన్షన్‌లో వందకి అరవై అనుకోండి. కమ్యుటేషన్ కోత, అంటే పెన్షన్‌లో కొంత ముందే ఒకేసారి తీసుకున్నందుకు నెలనెలా కోసేది, దీనికి ఉండదు. ఏడేళ్లపాటు ఎక్కువ రేటు ఉంటుందని పక్కింటాయన చెప్పారు గానీ అది నాన్నకి 67 నిండేలోపు పోయి ఉంటేనే. ఆయనకి అప్పటికి 76.

బిల్లులకొస్తే, ఆసుపత్రి వాళ్లు ఒక్క పేజీ బిల్లు ఇచ్చారు. ఐటమ్ వారీగా కావాలని నిలబడ్డాను. పేషెంట్ల హక్కుల చార్టర్‌లో అది ఉంది. బిల్లు కట్టలేదని శవాన్ని ఆపకూడదనీ ఉంది. పదకొండు పేజీలు వచ్చాయి. అందులో రెండు రోజుల డైపర్లు, గ్లవ్స్ రెండుసార్లు ఎక్కించారు. 4,200 వెనక్కి ఇచ్చారు. చిన్న మొత్తమే, అయినా వదలబుద్ధి కాలేదు. రైల్వే మెడికల్ కార్డు మీద రీయింబర్స్‌మెంట్ పెట్టడానికి కూడా ఆ పదకొండు పేజీలే పనికొచ్చాయి. 3,86,000 బిల్లుకి 1,71,000 వచ్చింది. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) రేట్ల ప్రకారమే ఇస్తారు, మిగతాది మనదే.

అటెండెంట్ ఏజెన్సీ గురించి ఎక్కువ రాయను, బీపీ పెరుగుతుంది. ఆగస్టు 10న నెల అడ్వాన్సు 24,000 కట్టాం. ఎనిమిది రోజులే పని జరిగింది. నాలుగు నెలలు ఫోన్లు చేస్తే సగం ఇచ్చారు. మధ్యలో ఆగిపోతే రోజుల లెక్కన తిరిగిస్తామని రసీదు మీద రాయించుకోండి. ఇంకోటి, మందులకి, నర్సుకి అంతా నగదే ఇచ్చాం. ఇన్సూరెన్స్ లేని సీనియర్ సిటిజన్ల వైద్య ఖర్చుకి పాత పన్ను విధానంలో అప్పటి ఆదాయపు పన్ను చట్టం 80డీ సెక్షన్ కింద 50,000 దాకా మినహాయింపు ఉండేది, నగదు చెల్లింపులకి చెల్లదు. నాన్న ఆఖరి రిటర్ను వారసుడిగా నేను వేసినప్పుడు ఆడిటర్ గారు చెప్పారు. అప్పటికే ఆలస్యం.

ఇక యాప్. అమ్మ వేళ్లు అంట్లు తోమీ తోమీ అరిగిపోయాయి, వేలిముద్ర యంత్రం ఎప్పుడూ పట్టదు. 2022 నవంబరు నుంచి లైఫ్ సర్టిఫికెట్ జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్‌లోనే ఇస్తున్నాం. ఫోన్‌లో రెండు యాప్‌లు ఉండాలి, ఇదొకటి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ రెండోది. ముందు ఆపరేటరుగా నా ముఖం, తర్వాత అమ్మ ముఖం. కళ్లు ఆర్పమంటుంది. మొదటి ఏడాది పెన్షన్ రకం దగ్గర ‘ఫ్యామిలీ’ బదులు ‘సర్వీస్’ నొక్కాను, రిజెక్ట్ అయింది. మెసేజ్ వచ్చింది కదా అని ఊరుకోకుండా వెబ్‌సైట్‌లో స్టేటస్ చూశాను కాబట్టి నెలాఖరులోపు మళ్లీ ఇవ్వగలిగాం. కిటికీ ఎదురుగా కూర్చోబెడితే ఒక్కసారికే అయిపోతుంది. కదల్లేని వాళ్లుంటే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి 70 రూపాయలకి చేస్తారు.

కాగితాలకి సున్నా ఎందుకంటే, పీపీఓలో అమ్మ పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉందని 2023లో గానీ నేను చూడలేదు. 80 నిండితే బేసిక్ మీద 20 శాతం అదనంగా వస్తుంది, ఫ్యామిలీ పెన్షనర్లకీ వస్తుంది, ఆ తేదీ రికార్డులో ఉంటేనే. నాన్న బతికి ఉండగా ఒక సంతకంతో అయ్యే పని. ఆధార్, పాన్ పెట్టి ఇప్పుడు ఎక్కించాం. అమ్మకి 80 వచ్చేది 2030లో.

యాప్ ప్రతి ఏడాదీ అమ్మని ఒకటి అడుగుతుంది: మళ్లీ పెళ్లి చేసుకున్నారా? మొదటి ఏడాది చదివి వినిపించకుండా ‘నో’ నొక్కేశాను. ఈ నవంబరులో అమ్మే అడిగింది, “ఆ పెళ్లి ప్రశ్న వచ్చిందా?” అని. వచ్చిందన్నాను. “ఇంకా చూస్తున్నామని పెట్టు” అంది.