ఆటల పీరియడ్‌లో ఏది మేలు: డ్రిల్లా, చీటీల ఆటా?

హైస్కూల్లో ఆటల పీరియడ్ అంటే ఎక్కువగా కనిపించేవి రెండే. విజిల్ వేస్తుంటే వరసల్లో నిలబడి చేసే డ్రిల్లు ఒకటి, బంతి ఇచ్చేసి ‘పోయి ఆడుకోండి’ అనడం రెండోది. ఆ రెండోదాన్ని నేర్పడం అనలేం గనక పక్కన పెడదాం. అసలు పోటీ డ్రిల్లుకూ, నేర్పడం కోసమే మార్చి కట్టిన ఆటకూ మధ్య. చీటీ మీద రాసిన పరిస్థితిని బట్టి ఆడే చీటీల ఆట అలాంటిదే.

మార్చి కట్టిన ఆట కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన బంకర్, థోర్ప్ 1982లోనే ఈ పద్ధతిని రాసి పెట్టారు. ముందు చిన్న ఆట, అందులో ఎదురయ్యే చిక్కు, ఆ తర్వాతే దానికి కావలసిన నైపుణ్యం.

కబడ్డీనే తీసుకోండి. డ్రిల్లులో టో టచ్ (కాలి వేళ్లతో ఎదుటివాణ్ణి తాకడం) ఎన్నిసార్లయినా చేయించవచ్చు, కానీ ఎదుటివాడు కొయ్యలా నిలబడి ఉంటాడు. ఆటలో వాడు జరుగుతాడు, పక్కవాడితో చేయి కలిపి చైన్ కడతాడు. ఎప్పుడు కాలు చాచాలో, ఎప్పుడు అదనపు పాయింటు కోసం బోనస్ గీత దాటి తిరిగి రావాలో అక్కడే తెలుస్తుంది.

సున్నంతో చిన్న కోర్టు గీసి నలుగురు నలుగురిని దింపండి. పాత శుభలేఖలు కత్తిరించి చీటీలు చేసి, ఒక్కోదాని మీద ఒక్కో పరిస్థితి రాయండి. ‘ఇది డూ ఆర్ డై రైడ్’ (పాయింటు తేకపోతే అవుట్), ‘మీరు ముగ్గురే మిగిలారు, పట్టుకుంటే రెండు పాయింట్లు’, ‘మీరు మూడు పాయింట్లు ముందున్నారు, ఆఖరి రైడ్ మీదే’. చీటీ తీశాక జట్టు అర నిమిషం మాట్లాడుకోవాలి. ఆధిక్యంలో ఉండి కూడా కూత పెట్టి లోపలికి దూసుకెళ్లే వీరుడు ప్రతి క్లాసులోనూ ఒకడుంటాడు. పట్టుబడ్డాక ‘ఎందుకెళ్లావు?’ అని అడిగితే నీళ్లు నములుతాడు. పాఠం అక్కడ మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త: అసలు నిబంధనలో కోర్టులో ఆరుగురికి తక్కువ కాకుండా డిఫెండర్లు ఉంటేనే బోనస్. ఇక్కడ దాన్ని ‘నలుగురూ ఉంటేనే’ అని మార్చుకోవాలి.

లెక్క కూడా ఇటే మొగ్గుతుంది. యాభై మంది క్లాసులో పూర్తి కబడ్డీ పెడితే పద్నాలుగు మంది ఆడతారు, మిగతావాళ్లు గట్టున కూర్చుంటారు. మూడు చిన్న కోర్టులైతే ఒకేసారి ఇరవై నాలుగు మంది ఆడతారు. ఇంకొందరు పాయింట్లు రాస్తారు, చీటీలు పట్టుకుంటారు. గోల మాత్రం తప్పదు. హెడ్‌మాస్టర్ గది మైదానం పక్కనే ఉంటే ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది.

డ్రిల్లుకు బదులు లేని చోటూ ఉంది. యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టుకోవడం), డాష్ (ఢీకొట్టి గీత బయటికి నెట్టడం) వంటివి ఆటలో పడి నేర్చుకోమంటే మోకాళ్లు పోతాయి. ఎలా పట్టాలి, ఎలా పడాలి అన్నది ఇసుకలోనో మ్యాట్ మీదో నెమ్మదిగా, ఒక్కొక్కరితో చేయించాల్సిందే. మార్కులు వేయడం కూడా డ్రిల్లులోనే తేలిక.

తెర ముందు గంతులేయించే వీడియో గేములంటారా? అమెరికాలోని వెస్ట్ వర్జీనియా 2006లో డాన్స్ డాన్స్ రెవల్యూషన్‌ను ప్రభుత్వ బడుల్లో పెడతామని ప్రకటించింది. మన బడిలో ఒక్క తెర ముందు ఇద్దరు ఎగిరితే మిగతా క్లాసంతా వరస కడుతుంది. నేనైతే ఆ డబ్బుతో మ్యాట్లు కొంటాను.

తొమ్మిదో తరగతికైతే పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు పట్టులు నేర్పే డ్రిల్లుకు, మిగతా అంతా చీటీల ఆటకు ఇస్తాను. మండల పోటీలు దగ్గరపడితే డ్రిల్లు పెంచాలి, అదీ జట్టుకు ఎంపికైన పన్నెండుమందికే, బడి విడిచాక.