మాదాపూర్ ఆర్ట్ గ్యాలరీ: ఫొటోలు చూడ్డానికా, మాటలు వినడానికా?

హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో చలికాలం వస్తే ఇండియన్ ఫొటో ఫెస్టివల్ సందడి. 2015లో మొదలైంది. చాలామంది గోడల మీది ఫొటోలు చూసి వెళ్లిపోతారు. ఫొటోగ్రాఫర్ల ప్రసంగాలు, వర్క్‌షాపులు కూడా ఉంటాయి. ఒక్క పూటే తీరిక దొరికితే దేనికి వెళ్లాలి?

ప్రదర్శనకైతే అంతా మన ఇష్టం. టికెట్ లేదు. నచ్చని ఫొటో దాటేయొచ్చు, నచ్చినదాని ముందు పావుగంట నిలబడొచ్చు. వారం మధ్యలో అయితే సెల్ఫీల గోల కూడా తక్కువే. ఇబ్బందల్లా, పక్కన అతికించిన నాలుగు వాక్యాల కాప్షన్ తప్ప అడగడానికి మనిషి ఉండడు.

ప్రసంగంలో ఆ లోటు తీరుతుంది. ఒక మంచి ఫొటోని తెర మీద పెట్టి, దానికి ముందు తీసిన పనికిరాని ఫ్రేములు కూడా చూపిస్తే, ఫొటోగ్రాఫర్ ఎక్కడ వంగాడో, వెలుతురు కోసం ఎంతసేపు ఆగాడో అర్థమవుతుంది. గోడ ఇదంతా చెప్పదు. కాకపోతే మాటలు చాలావరకు ఇంగ్లీషులోనే. పైగా ప్రశ్న అడుగుతానని మైకు పుచ్చుకుని సొంత కథ మొదలుపెట్టేవాళ్లు ఎక్కడైనా ఒకరిద్దరు తప్పరు! వర్క్‌షాపుకైతే ముందే పేరు నమోదు చేసుకోవాలి.

కెమెరా పట్టేవాళ్లు ప్రసంగాన్ని వదులుకోకూడదనే నేనంటాను. పిల్లలతో వెళ్తే మాత్రం ప్రదర్శనే మేలు. అరగంట కుర్చీలో కూర్చోబెట్టడం మన వల్ల కాదు.